పూరీ అంత గురి

మొన్న శనివారం మధ్యాహ్నం మా వీధి చివరింట్లో ఉండే కిరణ్ చేతిలో చుట్టచుట్టిన కాగితమొకటి పట్టుకుని వచ్చాడు. ఖమ్మం అబ్బాయి. ఇక్కడ అమెరికాలో, మా క్యారీ ఊళ్ళో మందుల కంపెనీలో ఉద్యోగం. ఏమీ తోచకపోతే మా ఇంటికి రావడం, నేను పెట్టింది తినడం, వెళ్ళేటప్పుడు మా చెత్తడబ్బా రోడ్డు దాకా లాగిపెట్టడం అతనికి అలవాటు. ఆ రోజు మాత్రం కూర్చోమన్నా కూర్చోలేదు. నా డైనింగ్ టేబుల్ మీద పప్పుగిన్నె పక్కకు జరిపి కాగితం పరిచాడు. మధ్యలో ఎర్రచుక్క ఉంది. చుట్టూ నాలుగు దిక్కులా, ఆ చుక్కతో తమకేమీ చుట్టరికం లేనట్టు, బెజ్జాలు పడి ఉన్నాయి.

"చూడుండ్రి ఆంటీ, ఒకటి ఈడ, ఒకటి ఆడ. ఆఫీస్‌ల దోస్తులు చలికాలం డీర్ హంటింగ్‌కి రమ్మన్నరని రైఫిల్ కొన్న. షాప్‌ల అన్నిటికంటె చీప్‌ది. వీడియోలు చూసి చూసి కండ్లు పోతున్నయ్, గురి మాత్రం కుదుర్తలేదు," అన్నాడు.

"బారెల్ కింద డాలర్ నోటు దూరుతుందా?" అని అడిగాను.

కిరణ్ నా వంక చూసిన చూపు నేను మరిచిపోలేను. పప్పులో పోపు పెట్టే ఆంటీ నోట ఆ మాట వస్తుందని పాపం అతను అనుకోలేదు. "ముందు అది చూడు. తర్వాత స్క్రూలు చూడు. తర్వాత తూటాలు మార్చి చూడు. అన్నీ అయ్యాక నిన్ను నువ్వు చూసుకో," అన్నాను. "మీకెట్ల తెలుసు ఆంటీ ఇవన్ని?" అన్నాడు. కాఫీ ఇచ్చి కొంత చెప్పాను. అతను వెళ్ళిపోయాడు గానీ ఆ సంగతులు వెళ్ళలేదు. గిన్నెలు కడుగుతున్నా అవే, పక్క దులుపుతున్నా అవే. అందుకే రాయడానికి కూర్చున్నాను.

మా నాన్న పళ్ళ డాక్టరు. తెనాలి దగ్గర పల్లెలో పుట్టి, గుంటూరులో చర్చి హాస్టల్లో ఉండి చదువుకుని, అమెరికా వచ్చి, వచ్చాక మళ్ళీ మొదటి నుంచి పరీక్షలు రాసి, చివరికి పెన్సిల్వేనియాలో కొండల మధ్య చిన్న ఊళ్ళో క్లినిక్ పెట్టాడు. ఆ ఊళ్ళో తెలుగు మాట్లాడే ఇల్లు మాదొక్కటే. సాయంత్రం ఆయన రాగానే లుంగీ, దాని మీద స్వెటర్, కాళ్ళకు ఉన్ని మేజోళ్ళు. ఆపైన కుటుంబ ప్రార్థన. నేను తెలుగు బైబిల్లో వాక్యం చదవాలి, తప్పు చదివితే అమ్మ కళ్ళు మూసుకునే సరిదిద్దేది. నాకు ఈ నాలుగు తెలుగు ముక్కలు రాయడం వచ్చిందంటే ఆ ప్రార్థనల చలవే. ప్రార్థన అయ్యాక అన్నం, అన్నం అయ్యాక నాన్న నేలమాళిగలోకి దిగిపోయేవాడు. అక్కడ ఆయనకు ఒక బల్ల, బల్ల నిండా పాత గడియారాలు, రేడియోలు, విరిగిన టోస్టర్లు. బాగుచేయడం ఆయనకు వ్యసనం. పగలంతా నోళ్ళలో చేసిన పని చాలక సాయంత్రాలు యంత్రాల నోళ్ళు తెరిచేవాడు.

ఆ ఊళ్ళో జింకల వేట మొదలయ్యే సోమవారం బడికి సెలవు. పండగ కాదు, పబ్బం కాదు, వేట కోసం సెలవు. మంగళవారం అందరూ బడికొచ్చి కథలు చెప్పుకునేవాళ్ళు. ఎవరు ఏ కొండ మీద కూర్చున్నారు, ఎవరి నాన్న నిద్రపోయాడు, ఎవరి వేళ్ళు కొయ్యబారాయి. అమ్మాయిలు కూడా. నేను టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని వినేదాన్ని. సెలవు రోజున నేను చేసిందల్లా అమ్మకు చింతపండు పిసికివ్వడం. అది కథగా చెప్తే ఎవరు వింటారు? ఆ మంగళవారాలు నాకు మహా చిన్నతనంగా ఉండేవి. పదోక్లాసుకొచ్చిన ఏడాది ఇంక తట్టుకోలేక, "నాన్నా, ఈసారి మనమూ వెళ్దాం," అన్నాను. నాన్న కళ్ళు మెరిశాయి. ఆయన పేషెంట్లందరూ ఏళ్ళ తరబడి పిలుస్తూనే ఉన్నారు. ఎర్ల్ అనే ముసలి రైతు అయితే కట్టుడు పళ్ళు పెట్టించుకున్న నాటి నుంచి "నా పొలం నీ పొలమే, డాక్" అంటూనే ఉన్నాడు. నాన్నకు వెళ్ళాలనే ఉంది, అమ్మను అడిగే ధైర్యమే లేదు.

అమ్మ సంగతి చెప్పాలి. అమ్మ మాంసం తినని మనిషి కాదు. కానీ మేం ఆ ఊరు వచ్చిన మొదటి చలికాలం మా పెరట్లోకి ఒక జింక వచ్చింది. ఎవరో సరిగ్గా గురి కుదరకుండా కాల్చారు. వెనక కాలు వేలాడుతోంది. గోంగూర మడి పక్కన పడుకుని తల ఎత్తుతూ దించుతూ ఉండిపోయింది. నాన్న ఎవరెవరికో ఫోన్ చేసి, ఒక మనిషి వచ్చి దాని బాధ తీర్చేసరికి సాయంత్రమైంది. అంతసేపూ అమ్మ వంటింటి కిటికీ దగ్గర నుంచి కదల్లేదు. పొయ్యి వెలిగించలేదు. అందుకని నేను వేట మాట ఎత్తినప్పుడు అమ్మ వద్దనలేదు, సరే అనలేదు. చపాతీపీట మీద పూరీ వత్తుతూ, "నూరు గజాల నుంచి మూడు తూటాలు కాల్చు. మూడూ ఈ పూరీలో పడాలి. ఒక్కటి బయటపడినా మీరు వెళ్ళొద్దు. మన ఇంటి వల్ల ఏ జంతువూ అలా పడి ఉండకూడదు," అంది. "వేటకి ముందు శనివారం నా ఎదురుగా కాల్చాలి. అందాకా ఎన్ని తంటాలైనా పడండి."

అమ్మ పూరీలు అరచేతికి మించవు. నాన్న మెల్లగా, "ఆ రోజుకి కాస్త పెద్ద పూరీ వత్తకూడదూ?" అన్నాడు. అమ్మ అప్పడాల కర్ర పక్కన పెట్టి ఆయన వంక చూసింది. బేరం అక్కడితో సరి.

రైఫిల్ కొనడానికి నాన్నతో నేనూ వెళ్ళాను. మేకులూ, పెయింటూ అమ్మే కొట్లోనే వెనక గోడకి తుపాకులు. నాన్న అన్నిటికంటే చవకైనది దింపమన్నాడు. కొట్టతను దింపుతూ, "దీంతో జింక భయపడటం మాత్రం ఖాయం," అన్నాడు. అతను అబద్ధమాడలేదు. ఎర్ల్ పొలంలో గట్టు ముందు పెట్టి కాలిస్తే మా మొదటి కాగితం అచ్చం మొన్నటి కిరణ్ కాగితంలాగే ఉంది. పూరీ సంగతి దేవుడెరుగు, పెద్ద విస్తరిలో కూడా పడలేదు. "వేరేది కొనుక్కో డాక్," అన్నాడు ఎర్ల్. బాగుచేయకుండా పారేయడమనే మాట నాన్న జాతకంలో లేదు.

ఆయన పేషెంట్లను అడగడం మొదలుపెట్టాడు. ఎప్పుడు అడిగేవాడనుకున్నారు? వాళ్ళ నోట్లో చేతులు పెట్టి ఉన్నప్పుడు. "మీ రైఫిల్ స్టాక్ బారెల్‌ని టచ్ చేస్తుందా?" అంటే కుర్చీలో మనిషి "ఆఁ... ఆఁ..." అనేవాడు. అది అవునో, కాదో, నొప్పో నాన్న తనకు అనుకూలంగా తెలుసుకునేవాడు. అలా పోగైన జ్ఞానం ఏమిటంటే, బారెల్ అనే ఇనప గొట్టం పేలిన ప్రతిసారీ అదురుతుంది. దాని కింద స్టాక్ అనే కొయ్య ఎక్కడైనా ఒరుసుకుంటే అదురు ఒక్కోసారి ఒక్కో తీరుగా ఉండి తూటా ఒక్కో దారి పడుతుంది. గొట్టానికీ కొయ్యకీ మధ్య కాగితం దూరేంత సందు ఉండాలి. మా రైఫిల్‌లో కాగితం కాదు, ఊపిరి కూడా దూరదు.

మరి ఎక్కడ ఒరుసుకుంటోంది? ఆ మాట అడగ్గానే నాన్న ముఖం వెలిగిపోయింది. పన్ను కట్టాక పైపన్నూ కిందిపన్నూ ఎక్కడ ముందు తగులుతున్నాయో చూడటానికి డాక్టర్లు ఒక నీలం కాగితం పెట్టి కొరకమంటారు. ఎత్తుగా ఉన్నచోట నీలం మచ్చ పడుతుంది. ఆ కాగితాలు క్లినిక్ నుంచి జేబునిండా తెచ్చి కొయ్య కాలువలో పరిచి బారెల్ దించి బిగించాడు. "కొరుకు, కొరుకు... ఆఁ, చాలు," అన్నాడు రైఫిల్‌తో, అలవాటుకొద్దీ. విప్పి చూస్తే కొయ్య నిండా నీలం మచ్చలు. మచ్చ ఉన్నచోటల్లా నేను గరుకు కాగితంతో రుద్దాలి. మళ్ళీ బిగింపు, మళ్ళీ మచ్చ, మళ్ళీ రుద్దుడు. ఆ వేసవి సెలవులంతా నా గోళ్ళ సందుల్లో చెక్కపొట్టే. నేలమాళిగలో కొయ్యపొడి, తుపాకీ నూనె, పైనుంచి దిగే ఇంగువ పోపు, మూడూ కలిసిన వాసన అది. ఇప్పటికీ ఎక్కడైనా కొత్త చెక్క కోస్తుంటే నాకు ఆకలేస్తుంది.

కొయ్య సందు కుదిరాక, తూటా కూర్చునే ఇనప గది కొయ్యలో కదలకుండా ఉండేందుకు దాని అడుగున గట్టి జిగురు పోశాడు. ఇనుముకి అంటుకుపోకుండా పళ్ళ అచ్చుల మైనం రాశాడు. దాన్ని ఆయన "ఫిల్లింగ్" అనేవాడు. మర్నాడు ఊడదీసి, అద్దం పెట్టి చూసి, "క్యావిటీ లేదు," అని తీర్పు చెప్పాడు. తర్వాత తూటాల వంతు. ఒక్కో రైఫిల్‌కి ఒక్కో రకం పడుతుందట. రకరకాలు తెచ్చి కాల్చి, మా దానికి నచ్చింది కనుక్కున్నాం. మిగిలింది నేను. ఒకసారి నాన్న నాకు తెలియకుండా ఖాళీ రైఫిల్ ఇచ్చి కాల్చమన్నాడు. మీట నొక్కగానే పేలకపోయినా నా భుజం ఎగిరింది, కళ్ళు మూసుకున్నాయి. "రైఫిల్ కంటే ముందు నువ్వే పేలుతున్నావమ్మా కరుణా," అన్నాడు. నవ్వి నవ్వి ఇద్దరం గడ్డిలో పడ్డాం. ఆ తర్వాత ఊపిరి సగం వదిలి, మీటను మెల్లగా, ఎప్పుడు పేలుతుందో నాకే తెలియనంత మెల్లగా నొక్కడం నేర్చుకున్నాను. ఆకులు రంగు మారే నాటికి నా తూటాలు పూరీ గీతలోనే పడుతున్నాయి. నేను మంగళవారం చెప్పబోయే కథను స్నానాల గదిలో అద్దం ముందు ఇంగ్లీషులో ప్రాక్టీస్ చేయడం కూడా మొదలుపెట్టాను.

సరిగ్గా అప్పుడు మా నాయనమ్మ వచ్చింది. తెనాలి నుంచి కొబ్బరినూనె డబ్బా ఒళ్ళో పెట్టుకుని విమానంలో దిగింది. ఆ రోజుల్లో అలా రానిచ్చేవాళ్ళు. నాయనమ్మకు లోకంలో నూనె పెడితే తీరని బాధ లేదు. నాకు తలంటి, నాన్న బట్టతలకి మర్దనా, తలుపు బందులకి చుక్క, కుట్టుమిషనుకి చుక్క. ఇల్లంతా తెనాలి వాసన. అమ్మ ఏమీ అనేది కాదు, రాత్రి దిండు గలీబులు మాత్రం విడిగా ఉతికేది.

చలి ముదిరింది. ఎర్ల్ పొలంలో గడ్డి మీద మంచు పేరుకుంది. మా రైఫిల్‌కి పిచ్చెక్కింది. ఒక తూటా పూరీలో, ఇంకోటి జానెడు కింద. ఒక్కోసారి మీట నొక్కితే టిక్కుమని ఊరుకునేది. అలాంటప్పుడు బారెల్ గట్టు వైపే ఉంచి నాన్న చాలాసేపు కదలనిచ్చేవాడు కాదు. ఇంటికి తెచ్చి ఖాళీగా నొక్కి చూస్తే ఏ లోపమూ లేదు, చక్కగా కొడుతోంది. "ఇంట్లో బుద్ధిమంతుడు, బయట రౌడీ," అని నాన్న తల పట్టుకున్నాడు. ఫిల్లింగ్ పగిలిందేమోనని మళ్ళీ విప్పాడు. గురి చూసే స్కోప్ స్క్రూలు మళ్ళీ బిగించాడు. ఏదీ కాదు. నాకు అన్నం సహించలేదు. సెలవు దగ్గరపడుతోంది, నేను మళ్ళీ చింతపండు పిసకబోతున్నాను. ఇన్నాళ్ళ శ్రమా బూడిదలో పోసినట్టేనని ఏడ్చాను కూడా. అమ్మ నా పక్కన కూర్చుని వీపు నిమిరింది గానీ షరతు మాత్రం పూరీ నుంచి పుల్కాకైనా పెంచలేదు.

ఆ శనివారం వచ్చింది. చీర మీద కోటు, కోటు మీద దూరానికి కనబడేందుకు నారింజరంగు చొక్కాతో అమ్మ. మంకీ క్యాప్ పెట్టుకుని, హీటర్ వేసిన కారులోంచి కదలనని నాయనమ్మ. మధ్యాహ్నానికి మూటకట్టిన పూరీలు, బంగాళాదుంప కూర. కాగితం మీద అమ్మే ఒక పూరీ పెట్టి పెన్సిల్‌తో గీత గీసింది. నేను బోర్లా పడుకుని గురిపెట్టి నొక్కాను. టిక్. నాన్న ఆగి, ఆగి, తూటా తీసేశాడు. మళ్ళీ నొక్కాను. పేలింది, కానీ ఎక్కడో గడ్డిలో తగిలింది. అమ్మ తల అడ్డంగా ఊపింది. నాన్నకు రోషం వచ్చింది. బారెల్ వెనక ముందుకూ వెనక్కూ జరిగే ఇనప కడ్డీ ఉంటుంది, బోల్ట్ అంటారు. తూటాని పొడిచి పేల్చే సూది దాని కడుపులోనే ఉంటుంది. దాన్ని తీసి ఎర్ల్ ట్రక్కు వెనక పరిచి, అన్నాళ్ళూ విప్పని ఆ ఒక్కదాన్నీ విప్పాడు. లోపల నుంచి తెల్లగా, మైనంలా, గడ్డకట్టిన ముద్ద జారింది. సూది దాంట్లో కూరుకుపోయి ఉంది. నాన్న వేలితో తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆయన చూపు ఎక్కడికో వెళ్ళిపోయింది.

"ఇది మా అమ్మ తల వాసన!" అన్నాడు.

సంగతేమిటంటే, ఇంట్లో పిల్ల ఉందని నాన్న రైఫిల్‌ను ఎప్పుడూ బోల్ట్ తీసేసి తాళం వేసేవాడు. బోల్ట్ మాత్రం అమ్మ వంటింటి అల్మరాలో, కందిపప్పు వెనక రేకుడబ్బాలో, కుట్టుమిషను సామానుతో ఉండేది. నాన్న కారు అద్దం దింపించి, "అమ్మా! వంటింట్లో రేకుడబ్బాలో ఇనప కడ్డీకి నూనె పెట్టావా?" అని అరిచాడు.

"పెట్టానురా. మిషను సామాననుకున్నా. వారంవారం పెడుతున్నా. ఎండిపోయి కిర్రుమంటోంది పాపం. గంటెడు పోస్తే గానీ మెత్తబడలా," అంది నాయనమ్మ, మెచ్చుకుంటారనే చూపుతో.

పొయ్యి పక్కన వెచ్చగా ఉన్నంతసేపూ కరిగి ఉన్న కొబ్బరినూనె పొలంలో చలి తగలగానే సూదిని పట్టేస్తోంది. చలికాలంలో సీసా నుంచి కొబ్బరినూనె రాక స్పూనుతో పొడుచుకునే మాకే ఇన్ని వారాలు ఆ ఆలోచన తట్టలేదు. అమ్మ నవ్వు ఆపుకోలేక ట్రక్కుకి చేరగిలబడింది. ఆమె అంతగా నవ్వడం ఆ ఊళ్ళో నేను చూడటం అదే మొదలు. నాన్న ఎర్ల్‌కి అర్థమయ్యేలా చెప్పాక ఎర్ల్ కట్టుడు పళ్ళు జారేలా నవ్వాడు. అతని కొట్టంలో కిరసనాయిలు ఉంటే దాంతో బోల్ట్‌ని కడిగి, తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ అమర్చారు.

నేను మళ్ళీ రైఫిల్ పట్టుకుని బోర్లా పడుకున్నాను. మూడుసార్లు పేలింది. అమ్మ తనే నడిచి వెళ్ళి చూసింది. రెండు నడిమధ్యన, ఒకటి గీత మీద. "గీత కూడా పూరీయే కదా," అన్నాడు నాన్న. "కాదండీ. మళ్ళీ కాల్చమనండి," అంది అమ్మ. కొత్త కాగితం మీద గీత గీయబోతే కొలత పూరీ లేదు. నాయనమ్మ తినేసింది. డబ్బాలో ఉన్న వాటిలోంచి అమ్మ ఏరి మరీ చిన్నది తీసింది. ఈసారి మూడు బెజ్జాలూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పడ్డాయి. అమ్మ వాటిమీద బొటనవేలు పెట్టి చూసుకుని, "వెళ్ళండి," అంది. నాకు ఆ రోజు వచ్చినంత సంతోషం తర్వాత డిగ్రీలు వచ్చినప్పుడు కూడా రాలేదు.

ఇప్పుడు తలుచుకుంటే వింతగానే ఉంటుంది. మా హైస్కూల్ పార్కింగ్‌లో ట్రక్కుల అద్దాల వెనక రైఫిళ్ళు వేలాడుతూ ఉండేవి, ఎవరూ తలతిప్పి చూసేవారు కాదు. ఇప్పుడు మా మనవరాలు ఒకటో తరగతిలోనే, తుపాకీ మనిషి వస్తే బల్ల కింద ఎలా దాక్కోవాలో నేర్చుకుని వచ్చి నాకు చేసి చూపించింది. కిరణ్‌కి కూడా అందుకే కాఫీ చేతికిస్తూనే బోల్ట్ తీసి వేరేచోట దాచమని చెప్పాను. మాంసం సంగతీ అంతే. కాస్ట్కో కొట్లో ప్లాస్టిక్ చుట్టిన పళ్ళెం బండిలో వేసుకుంటాను. ఆ జంతువు ఎలా పోయిందో నేను అడగను, వాళ్ళు చెప్పరు.

సోమవారం నాన్నా నేనూ ఎర్ల్ కొండ మీద ఓక్ చెట్టుకి ఆనుకుని కూర్చున్నాం. పొద్దున పొదల్లోంచి ఒక జింక పరుగెత్తింది. నాన్న నా వంక చూశాడు, నేను రైఫిల్ ఎత్తలేదు. పరుగెత్తేదాన్ని పూరీలో పెట్టడం నాకు రాదు. మధ్యాహ్నం దాటాక కొమ్ములున్న మగజింక ఒకటి వాగు దాటి వచ్చి, పక్కకు తిరిగి నిలబడి, ముక్కు పైకెత్తి గాలి పీల్చింది. ఊపిరి సగం వదిలాను. పేలిన చప్పుడు కొండల మీద దొర్లి తిరిగి వచ్చేసరికి అది పడి ఉంది. కాలు కూడా ఆడలేదు. నేను గెంతుతాననుకున్నాను. గెంతలేదు, ఏడ్చాను. నాన్న గ్లవ్ తీసేసి ఒట్టి చేయి నా తలమీద పెట్టి, దాని కోసం, మా కోసం పైకే ప్రార్థన చేశాడు.

ఎర్ల్ ట్రక్కు మా వాకిట్లో ఆగేసరికి అమ్మ స్వెటరైనా లేకుండా మెట్లు దిగి వచ్చింది. కొమ్ములు చూడలేదు, ఎర్ల్‌ను పలకరించలేదు. ట్రక్కు వెనక్కి వెళ్ళి, జింక మెడ మీద చేయి వేసి ఉంచి, నన్నే అడిగింది.

"ఎంతసేపు బాధపడిందే?"

"అక్కడికక్కడే పడిపోయిందమ్మా. కదల్లేదు."

అమ్మ నా ముఖంలోకి చూసింది, నేను మాట తప్పు చదివానేమో చూస్తున్నట్టు. తర్వాత చేయి తీసి కొంగుకి తుడుచుకుంది.

"సరే. లోపలికొచ్చి అల్లం ఒలువు," అంది.